ఇచ్చేసిన థీసిస్‌కి అనుబంధాలు చేర్చమంటున్నారు. పేజీ నంబర్లు కదలకుండా ఎలా?

నీలిసిరా:

అందరికీ నమస్కారం. నాది ఇంటింటి నీటి వాడకం మీద పీహెచ్‌డీ థీసిస్, 142 పేజీలు. వర్డ్‌లో రాసి పీడీఎఫ్ చేసి ఇచ్చాను. ఆమోదం వచ్చింది, గైడ్ గారు పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం పెట్టారు, లైబ్రరీ సైట్లోకి కూడా ఎక్కింది. ఇక అయిపోయిందనుకుంటుంటే వైవాలో ఒక పరీక్షకురాలు నోటిమాటగా అడిగినదే ఇప్పుడు కాగితం మీద వచ్చింది: సర్వే ప్రశ్నావళి, పూర్తి పట్టికలు, ముడి డేటా జతచేయాలట.

ప్రశ్నావళి 8 పేజీలు. డీటీపీ చేయించిన పాత పీడీఎఫ్ ఒకటుంది, లేదంటే కాగితాన్ని స్కాన్ చేయాలి. పట్టికలు బాగా వెడల్పు, పేజీని అడ్డంగా తిప్పితే తప్ప పట్టవు. ముడి డేటా ఎక్సెల్‌లో ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఇప్పటికే ఇద్దరు నా థీసిస్‌ని పేజీ నంబర్లతో సహా ఉటంకించారు. పాత వర్డ్ ఫైలుని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, ఒక్క అక్షరం ముట్టుకోకుండానే 142 కాస్తా 145 అవుతోంది. దీనికి వెనకాల అనుబంధాలు అతికించి మళ్ళీ పీడీఎఫ్ చేస్తే ఏమవుతుందో ఊహించగలరు. ఎవరైనా ఈ పని చేసి ఉంటే చెప్పండి.

చకచకా:

ఇంత ఆలోచన ఎందుకండీ? పీడీఎఫ్‌లు కలిపే సైట్లు బోలెడు. పాతది ఎక్కించండి, కొత్తవి ఎక్కించండి, మెర్జ్ కొట్టండి. ఐదు నిమిషాల పని.

పాతప్రూఫు:

నీలిసిరా గారూ, ఆ సైట్ల జోలికి మాత్రం పోకండమ్మా. చకచకా గారి మీద కోపం కాదు. ఖాళీ ప్రశ్నావళిని ఎక్కడ కలిపినా ఒకటే. కానీ మీ ముడి డేటాలో జనం పేర్లూ ఫోన్ నంబర్లూ ఉంటాయి. ఎవరిదో తెలియని సర్వర్‌కి వాటిని అప్పజెప్పడమంటే, సర్వే చేసేటప్పుడు వాళ్ళకిచ్చిన మాట తప్పడమే. అదే పనిని మీ కంప్యూటర్లోనే చేసే ఉచిత సాధనాలున్నాయి. పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఒకటి. కమాండ్లు రాయడానికి భయం లేకపోతే క్యూపీడీఎఫ్ ఇంకా మంచిది.

నేను పుస్తకాలకీ నివేదికలకీ ప్రూఫులు దిద్దే మనిషిని. 'చిన్న చేర్పే కదా' అంటూ వచ్చిన ఫైళ్ళే నన్ను ఎక్కువ ఏడిపించాయి. రాసేవాళ్ళకి అది చేర్పుగానే కనిపిస్తుంది. చదివేవాడి వైపు నుంచి చూస్తే నేల కదిలినట్టు. 'పేజీ 87 చూడు' అని ఎవరో ఎక్కడో రాసేశారు. ఆ 87లో ఇప్పుడు ఇంకేదో ఉంది. అందుకని నేను పట్టుకునే సూత్రం ఒక్కటే: పత్రం ఒకసారి బయటి చేతుల్లోకి వెళ్ళాక, ఇతరులు వేలుపెట్టి చూపించిన చోటు కదలకూడదు. మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ఇది కొత్త తగువేం కాదు. 1789లో అమెరికా రాజ్యాంగానికి తొలి సవరణలు తెచ్చినప్పుడు అక్కడి ప్రతినిధుల సభలో జేమ్స్ మాడిసన్ వాటిని అసలు పాఠంలోనే ఎక్కడికక్కడ ఇమిడ్చేద్దామన్నాడు. రోజర్ షెర్మన్ కుదరదన్నాడు, మూలపాఠం అలాగే ఉండాలి, చేర్పులు చివర్న విడిగా ఉండాలని పట్టుబట్టాడు. షెర్మన్ మాటే నెగ్గింది, ఇవాళ్టికీ అక్కడ సవరణలు తోకలోనే ఉంటాయి. మన రాజ్యాంగం మాడిసన్ దారిలో వెళ్ళింది, కానీ ఒక జాగ్రత్త తీసుకుంది. 1976లో ప్రాథమిక విధులు వచ్చినప్పుడు 51 తర్వాత 51ఏ అని పెట్టారు గానీ 52ని 53 చేయలేదు. 2002లో విద్యాహక్కు 21ఏ అయింది. ఇంకా చిత్రం, 44వ సవరణలో 31వ అధికరణాన్ని తీసేశాక కూడా 31ఏ అలాగే ఉంది, 32 ముందుకి జరగలేదు. ఖాళీ గది ఖాళీగానే ఉంచారు. ఎందుకంటే అప్పటికే ఎన్నో తీర్పుల్లో ఆ నంబర్లు పడిపోయాయి.

మీకు నా ఓటు షెర్మన్ పద్ధతికే. ఇక పనిలోకి వద్దాం.

పాత వర్డ్ ఫైలుని మళ్ళీ పీడీఎఫ్ చేయొద్దు. 142 కాస్తా 145 కావడానికి కారణం కొత్త మెషిన్లో అదే ఫాంటు లేకపోవడమో, దాని వెర్షన్ వేరు కావడమో అయ్యుంటుంది. తెలుగు ఫాంట్లలో వరసల మధ్య ఎత్తు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కదా, పేజీకి ఒక్క వరస పక్కకి పోయినా చివరికి మూడు పేజీల తేడా వస్తుంది. దాన్ని సరిచేయాలని కూర్చోకండి. బయటికి వెళ్ళిన పీడీఎఫ్‌నే మూలంగా పట్టుకోండి, వర్డ్ ఫైలుని మర్చిపోండి.

అనుబంధాల కోసం కొత్త వర్డ్ ఫైలు తెరవండి. పేజీ నంబరు 143 నుంచి మొదలెట్టినా తప్పు లేదు గానీ, నేనైతే ఏ-1, ఏ-2, తర్వాత బీ-1 అని ఇస్తాను. రేపు అనుబంధం ఏలో ఇంకో రెండు పేజీలు చేరినా బీ కదలదు కదా. దీనికి వర్డ్‌లో చాలామందికి తెలియని దారి ఒకటుంది. అనుబంధం శీర్షికలకి హెడింగ్ 1 కాకుండా హెడింగ్ 7 వాడండి. మల్టీలెవెల్ లిస్టులో ఏడో మెట్టుని హెడింగ్ 7కి కలిపి, అంకెల బదులు పెద్ద అక్షరాలు ఎంచుకోండి. తర్వాత పేజీ నంబర్ల ఫార్మాట్‌లో 'ఇన్‌క్లూడ్ చాప్టర్ నంబర్' టిక్కు పెట్టి హెడింగ్ 7 చూపిస్తే పేజీ నంబరు దానంతటదే ఏ-1 అవుతుంది. పట్టికల క్యాప్షన్లలోనూ ఇదే పెట్టె ఉంటుంది, పట్టిక ఏ-1, పట్టిక బీ-1 అని వచ్చేస్తాయి. ఒక్కో అనుబంధానికీ ముందు సెక్షన్ బ్రేక్ వేసి, నంబర్లు 1 నుంచి మొదలవ్వాలని చెప్పడం మరవద్దు.

మరి విషయసూచిక? అది పాత పీడీఎఫ్‌లో గడ్డకట్టుకుని ఉంది. సంతకం లేని పత్రమైతే ఆ ఒక్క పేజీ మార్చి మళ్ళీ కలిపేయొచ్చు. సూచిక చివర మూడు వరసలకి చోటుంటే సరే. లేకపోతే దాని వెనకే 'అనుబంధాల జాబితా' అని ఒక పేజీ, నంబరు లేకుండానో, రోమన్ అంకెకి పక్కన ఒక అక్షరం తగిలించో. ఏం చేసినా 'ప్రింట్ టు పీడీఎఫ్' వాడొద్దు, లోపలి లింకులూ బుక్‌మార్కులూ అన్నీ చచ్చిపోతాయి.

మొత్తం పనిలో నాకు బాగా ముఖ్యమనిపించేది, అందరూ వదిలేసేదీ ఇంకొకటుంది. అనుబంధం రాసేవాళ్ళు లోపలి పాఠంలో 'అనుబంధం ఏ చూడండి' అని పెట్టుకుంటారు. మీ పాఠం మూసుకుపోయింది, అక్కడ రాయలేరు. కాబట్టి చూపుని తిరగేయండి. అనుబంధాల మొదటి పేజీలో చిన్న పట్టిక: 'పేజీ 37లో చెప్పిన సర్వే, పూర్తి ప్రశ్నావళి అనుబంధం ఏ', 'పేజీ 64లోని సంక్షిప్త పట్టిక, పూర్తి రూపం అనుబంధం బీ'. ఇలా ఒక్కోదానికీ. ఇది లేని అనుబంధం ఎవరూ తెరవరు. ఆ పేజీలోనే ఎప్పుడు చేర్చారో, ఎవరు అడిగితే చేర్చారో రెండు ముక్కలు రాయండి. రేపు ఒకరి దగ్గర పాత ప్రతి, ఇంకొకరి దగ్గర కొత్త ప్రతి ఉన్నప్పుడు ఆ రెండు ముక్కలే అక్కరకొస్తాయి.

నీలిసిరా:

పాతప్రూఫు గారూ, చాలా చాలా థాంక్సండీ. తిరగేసిన పట్టిక సంగతి నాకు తట్టనే లేదు. రెండు సందేహాలు. సంతకం ఉన్న పీడీఎఫ్‌కి పేజీలు చేర్చొచ్చా? 'సంతకం లేనిదైతే' అని మీరు ఆగిపోయారు. రెండోది ఎక్సెల్ సంగతి. నాలుగు వేల పైచిలుకు వరసలు, దాన్ని పేజీల్లోకి దింపితే థీసిస్ కంటే అదే లావుగా ఉంటుంది.

తాళంచెవి:

సంతకం వరకూ నేను చెప్తాను, నా రోజువారీ పనే అది.

డిజిటల్ సంతకమంటే పేజీ మీద కనిపించే ముద్ర కాదు. సంతకం కూర్చునే జాగా తప్ప, ఆ క్షణాన ఫైల్లో ఉన్న ప్రతి బైటు మీదా లెక్కగట్టిన విలువ. మెర్జ్ చేస్తే తయారయ్యేది వేరే కొత్త ఫైలు. పాత సంతకం అందులో చెల్లదు, చాలాసార్లు ముద్ర బొమ్మ మాత్రం మిగిలి సంతకం మాయమవుతుంది. ఇది ఇంకా ప్రమాదం, చూసేవాళ్ళు సంతకం ఉందనే అనుకుంటారు.

పీడీఎఫ్‌లో పాత బైట్లని ముట్టుకోకుండా మార్పుల్ని ఫైలు చివర చేర్చే పద్ధతి ఉంది, నిజమే. రెండో మనిషి సంతకం, ఫారాలు నింపడం అలాగే జరుగుతాయి. సర్టిఫై చేసిన సంతకమైతే తర్వాత ఏమేం మార్చొచ్చో అందులోనే రాసుంటుంది: ఏదీ వద్దు, ఫారాలూ సంతకాలూ వరకే, వాటితో పాటు వ్యాఖ్యలు కూడా. మీరు అతికించాలనుకునే అనుబంధాల లాంటివాటికి ఈ మూడింటిలో ఏదీ ఒప్పుకోదు. మామూలు సంతకమైనా పేజీలు చేరిస్తే రీడర్ ఎర్రజెండా ఊపుతుంది.

కాబట్టి సంతకమున్న 142 పేజీల ఫైలుని వదిలేయండి. అనుబంధాలని వేరే పీడీఎఫ్‌గా చేసి, గైడ్ గారితో దాని మీద విడిగా సంతకం పెట్టించండి. అనుబంధం మొదటి పేజీలో థీసిస్ పేరు, తేదీతో పాటు ఆ థీసిస్ ఫైలు షా-256 విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటిది) కూడా అచ్చు వేయండి, 64 అక్షరాలు. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ఇస్తాయి. ఈ అనుబంధం సరిగ్గా ఏ ఫైలుకి చెందిందో పేరు మారినా తేలిపోతుంది.

పీడీఎఫ్ లోపలే ఎక్సెల్‌ని అటాచ్ చేద్దామని ఎవరైనా అంటే, ముందు లైబ్రరీ ఏ రకం పీడీఎఫ్ తీసుకుంటుందో అడగండి. భద్రపరచడానికి వాడే పీడీఎఫ్/ఏలో 2005 నాటి మొదటి రకం అటాచ్‌మెంట్లని అసలు ఒప్పుకోదు. 2011 నాటి రెండోది పీడీఎఫ్/ఏ ఫైళ్ళని మాత్రమే ఒప్పుకుంటుంది. ఏ ఫైలైనా పెట్టుకోవచ్చని మొదట ఒప్పుకున్నది 2012లో వచ్చిన మూడోది.

పాతప్రూఫు:

తాళంచెవి గారు చెప్పింది విన్నాక నా సలహాలో ఒక ముక్క మారుతుంది. విషయసూచిక పేజీని ముట్టుకోవద్దు. రెండు ఫైళ్ళూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి, లైబ్రరీ పేజీలోని వివరాల్లోనే 'అనుబంధ సంపుటి ఉంది' అని ఒక వాక్యం పెట్టమనండి. థీసిస్ తెరిచినవాళ్ళకి అనుబంధం ఉందని తెలిసేది అక్కడే.

ఇక ఎక్సెల్. నాలుగు వేల వరసల్ని అచ్చు వేయకండి, ఎవరూ చదవరు. వాడుకోవాలనుకున్నవాడికి అచ్చు దేనికీ పనికిరాదు, మళ్ళీ టైపు చేసుకోవాలి. పరిశోధన పత్రికలు చేసేదే మీరూ చేయండి: డేటా ఫైలు వేరే, దానికి ఎస్1, ఎస్2 లాంటి సొంత నంబరు, పత్రంలో దాని చిరునామా. భద్రపరిచే చోటు మీ లైబ్రరీకి ఉంటే సరే, లేకపోతే యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో ఉంది, ఉచితం. అక్కడ ఒకసారి ప్రచురించాక మామూలుగా ఫైలు మార్చలేరు. మార్చాలంటే కొత్త వెర్షన్ పెట్టాలి, దానికి కొత్త డీఓఐ (శాశ్వత చిరునామా) వస్తుంది, పాతదీ బతికే ఉంటుంది. అన్ని వెర్షన్లకీ కలిపి ఇంకో డీఓఐ ఉంటుంది. మీ అనుబంధంలో వెర్షన్‌ది ఇవ్వండి, కలిపి ఉన్నది కాదు. మీరు లెక్కలు కట్టింది ఆ వెర్షన్ మీదే కదా.

ఎక్సెల్‌ని అలాగే పెట్టేయకుండా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్టు పట్టిక) కూడా ఇవ్వండి. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్నదే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ అయితే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. పక్కన ఒక చిన్న టెక్స్టు ఫైలు: ఏ నిలువు వరసలో ఏముంది, కొలత లీటర్లా బిందెలా, ఖాళీ గడి అంటే 'సున్నా'నా 'చెప్పలేదు'నా. ఈ చివరిది రాయకపోతే మీ డేటా వాడినవాడు సగటు తప్పు కడతాడు, ఆ తప్పు మీ పేరు మీదే ఉంటుంది.

ఎక్కించే ముందు ఎక్సెల్‌ని అనుమానంగా చూడండి. దాచిన నిలువు వరసలు, దాచిన షీట్లు, సెల్ కామెంట్లు. పివట్ టేబుల్ ఉంటే మీరు మూల షీటు తీసేసినా దాని కాపీ లోపల మిగిలి ఉండొచ్చు. ఫైలు వివరాల్లో ఎవరి పేరుందో కూడా చూడండి. ఎక్సెల్‌లోనే 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' అని ఉంటుంది, దాంతో చాలా మటుకు బయటపడతాయి. పీడీఎఫ్‌లో పేర్ల మీద నల్ల పెట్టె గీసి వదిలేసేవాళ్ళుంటారు, దాని కింద అక్షరాలు భేషుగ్గా కాపీ అవుతాయి. పేరు తీయాలంటే మూలంలోనే తీయాలి.

ఇంకో మాట, దీని మీద నాకు కాస్త పట్టుదల. ముడి డేటా సర్దుతుంటే థీసిస్‌లోని ఏదో పట్టికతో ఒకట్రెండు మొత్తాలు కలవకపోవచ్చు, చాలామందికి జరుగుతుంది. అప్పుడు అనుబంధంలో గుట్టుగా సరైన అంకె పెట్టేసి ఊరుకోవద్దు. చేర్పు వేరు, దిద్దుబాటు వేరు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసిపెట్టే ఆర్ఎఫ్‌సీ పత్రాలని చూడండి, 1969 నుంచి ఉన్నాయి. ప్రచురించాక లోపలి విషయం మార్చరు. తప్పు దొరికితే తప్పుల జాబితా విడిగా ఉంటుంది, విషయమే మారితే కొత్త నంబరుతో కొత్త పత్రం వచ్చి 'ఫలానాదాన్ని సవరిస్తున్నాను' అని తన నెత్తి మీదే రాసుకుంటుంది. మీరూ 'తప్పొప్పుల పట్టిక' అని వేరే పేజీ పెట్టండి: పేజీ, వరస, ఉన్నది, ఉండాల్సింది. అలాంటిదొకటి దొరికితే గైడ్ గారికి ముందే చెప్పాలి, సంతకం ఆయనది కూడా.

అడ్డం పట్టికల సంగతి త్వరగా చెప్పేస్తాను. వాటికి ముందొకటి, వెనకొకటి సెక్షన్ బ్రేక్, ఆ సెక్షన్‌కి ల్యాండ్‌స్కేప్, హెడర్‌కి 'లింక్ టు ప్రీవియస్' తీసేయడం. అంతే. అప్పటికీ పట్టకపోతే అక్షరాల్ని చీమలంత చేయకండి, పట్టికని రెండుగా కోసి, మొదటి నిలువు వరసని రెండిట్లోనూ పెట్టండి.

చకచకా:

సరే, ఐదు నిమిషాల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి చెప్పండి, విడి ఫైలు పెడితే 'జతచేయాలి' అన్న పరీక్షకురాలు ఒప్పుకుంటారా?

తాళంచెవి:

అది అడిగి తేల్చుకోవాల్సిందే. ఆవిడకి ఒకే ఫైలు కావాలంటే, కలిపిన కొత్త ఫైలు మీద మొదట్నుంచీ సంతకాలు మళ్ళీ పెట్టించాలి, లైబ్రరీ దాన్ని రెండో వెర్షన్‌గా ఎక్కించాలి. పాతది తీసేయకూడదు. ఎక్కువసార్లు ఇది విన్నాక విడి ఫైలుకే సరే అంటారు.

వినిచదువరి:

నాకు చూపు లేదు, తెర మీది అక్షరాల్ని చదివే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ చదివి వినిపిస్తే వింటాను. ఇక్కడ ఎవరూ తడమని సంగతి: ప్రశ్నావళిని స్కాన్ చేసి పెడితే నాకు అది ఖాళీ పేజీయే. బొమ్మలో అక్షరాలున్నాయని సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. డీటీపీ పీడీఎఫ్ పెడదామంటే, అది యూనికోడ్ కాని పాత ఫాంట్లలో చేసినదైతే ఇంకా వింత, తెలుగు మాట బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిపి వినిపిస్తాయి. మీరే పరీక్షించుకోవచ్చు. ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం ఎంచి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగా వస్తే సరే. చెత్త వస్తే గూగుల్‌కీ దొరకదు, నాకూ అందదు.

ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాల్ని పాఠంగా మార్చడానికి, టెస్సరాక్ట్ ఉంది, తెలుగు చదువుతుంది, ఉచితం. కానీ వత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర తడబడుతుంది, కూర్చుని దిద్దాలి. ఎనిమిది పేజీలే అంటున్నారు కాబట్టి యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించడమే సుఖం. జనానికి చూపించిన అసలు రూపం కూడా ఉండాలనుకుంటే స్కాన్‌ని వెనకాల పెట్టండి, ముందు టైపు చేసినది.

పట్టికల్లో రెండు గడుల్ని కలిపేసి ఒకటి చేయకండి, ఏ అంకె ఏ శీర్షిక కిందిదో వినేవాడికి తెలియదు. పాతప్రూఫు గారు చెప్పినట్టు కోసిన పట్టికల్లో పై వరసకి వర్డ్‌లో 'రిపీట్ హెడర్ రోస్' పెట్టండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఆప్షన్లలో 'డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్' అన్న టిక్కు ఉందో లేదో చూసి, తర్వాతే సంతకానికి పంపండి. సంతకం అయ్యాక చేయడానికి వీలుండదని పైన చెప్పనే చెప్పారు.